‘సెట్’ అన్న ఒక్క ఇంగ్లిష్ మాటకు తెలుగులో ఎన్ని మాటలు వాడాలి?

ప్రశ్న: అచ్చుకూర్పు

అందరికీ నమస్కారం. ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి శిక్షణ పుస్తకాలు, యాప్ మాటలు, కోర్టు కాగితాలు తెచ్చేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారని అడుగుతున్నాను.

ఒకే కట్టగా వచ్చిన పనిలో మేస్త్రీలకు ఒక పుస్తకం, తోట రైతులకు ఒకటి, కోళ్ళు పెంచేవాళ్ళకు ఒకటి, వడ్రంగం, మోటారు రిపేరు నేర్చుకునే పిల్లలకు ఇంకొకటి ఉన్నాయి. పైగా ఒక మొబైల్ యాప్, రెండు సివిల్ కోర్టు ఉత్తర్వులు. అన్నిట్లోనూ ‘సెట్’ తగులుతోంది. ఇవి చూడండి:

‘లెట్ ద కాంక్రీట్ సెట్’
‘ఫ్రూట్ సెట్ ఈజ్ పూర్’
‘సెట్ ద ఎగ్స్’
‘చెక్ ద సెట్ ఆఫ్ ద సా’
‘ద స్ప్రింగ్ హ్యాజ్ టేకెన్ ఎ సెట్’
‘డు నాట్ ట్రై టు సెట్ ద బోన్’
‘ద డిఫెండెంట్ వాజ్ సెట్ ఎక్స్ పార్టీ’
‘ద డిక్రీ ఈజ్ సెట్ అసైడ్’
‘అలారం సెట్’, ‘నాట్ సెట్’

వీటికి ఇదివరకే ఉన్న తర్జుమాలో అన్నిచోట్లా ‘సెట్ చేయండి’, ‘సెట్ చేయబడింది’ అని పెట్టేశారు. ‘కాంక్రీటు సెట్ చేయబడే వరకు వేచి ఉండండి’ అని చదివితే ఏ మేస్త్రీకి ఏం బోధపడుతుంది? నిఘంటువు తీస్తే పేజీలకు పేజీలు ఉన్నాయి. అందులోంచి కావలసిన అర్థం పట్టుకోవడానికి మీరు వాడే పద్ధతి ఏమిటి? ‘సెట్’ను అలాగే వదిలెయ్యాల్సిన చోట్లు కూడా ఉంటాయి కదా, అవి ఏవి?


జవాబు: పదమూలం

ఆ పేజీలు చూసి కంగారు పడకండి. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ 1989 రెండో కూర్పు 20 సంపుటాలు, అందులో అన్నిటికన్నా పొడవైన పద్దు ఈ ‘సెట్’ క్రియదే. సుమారు 430 అర్థాలు, 60,000 మాటల వివరణ. ఆ తర్వాత సవరించిన పద్దుల్లో ‘రన్’ క్రియ 645 అర్థాలతో దాన్ని దాటేసింది. అయినా తర్జుమా చేసేవాళ్ళకు రోజూ ఎదురయ్యే మాటల్లో ‘సెట్’ అంత తిప్పలు పెట్టేది మరొకటి లేదు.

అది ఎక్కడ పుట్టిందో తెలిస్తే సగం పని అయినట్టే. ఇంగ్లిష్‌లో ‘సిట్’ అంటే కూర్చోవడం, ‘సెట్’ అంటే కూర్చోబెట్టడం. ‘లై’ నుంచి ‘లే’, ‘ఫాల్’ నుంచి ‘ఫెల్’ కూడా ఇలాంటి జంటలే. మనకు వంగు-వంచు, ఉండు-ఉంచు, దిగు-దించు ఎలాగో అలాగన్నమాట. అయితే మన ‘వంచు’ ఎప్పటికీ వంచడమే. ‘కొమ్మ వంచింది’ అని కొమ్మ తనంతట తాను వంగినప్పుడు ఎవరూ అనరు. ‘సెట్’ ఆ గీత దాటేసింది. ఒకరు చేసే పనికీ అదే, దానంతట అదే జరిగేదానికీ అదే. సూర్యుణ్ణి ఎవరూ సెట్ చెయ్యరు, సిమెంటునూ చెయ్యరు, అవే అవుతాయి. పాత తర్జుమా బోల్తా కొట్టింది సరిగ్గా అక్కడే. కాబట్టి వాక్యం చూడగానే మొదట అడగాల్సింది, ఈ పని చేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. లేకపోతే ‘చేయు’, ‘చేయబడు’ రెండూ కొట్టెయ్యండి.

తర్వాత చూడాల్సింది కర్మ. అంటే దేన్ని సెట్ చేస్తున్నారు అన్నది. తెలుగు క్రియను నిర్ణయించేది అదే. చాలాచోట్ల మన ‘పెట్టు’ దిగ్విజయంగా సరిపోతుంది: అలారం పెట్టు, ముహూర్తం పెట్టు, గడువు పెట్టు, షరతు పెట్టు, పరీక్ష పెట్టు, నిప్పు పెట్టు. వీటన్నిటికీ ఇంగ్లిష్‌లో ‘సెట్’ వాడొచ్చు. ఇంగ్లిష్‌కు సెట్ ఎంతో మనకు పెట్టు అంత, అది గుర్తుపెట్టుకుంటే చెయ్యి తిరుగుతుంది. అది అతకని చోట కర్మే తన క్రియను వెంట తెచ్చుకుంటుంది. ఉచ్చు పన్నుతారు, రికార్డు నెలకొల్పుతారు, ఉంగరంలో రాయి పొదుగుతారు, అక్షరాలు కూరుస్తారు, పాలు తోడు వేస్తారు. వీటిలో ఏ ఒక్కటీ ‘సెట్’ను చూసి రాలేదు, పక్కనున్న నామవాచకాన్ని చూసి వచ్చింది.

ఇంకొక మెలిక. ‘సెట్’కు ఆజ్ఞార్థం (చెయ్యి), భూతకాలం (చేశారు), క్తాంతం (చేసిన, అయిన), మూడూ ఒకటే రూపం. అందుకే ఒంటరిగా ‘అలారం సెట్’ అని కనిపిస్తే అది చెయ్యమంటోందో, అయిపోయిందని చెబుతోందో ఆ రెండు మాటలు చూసి తేల్చలేం. చుట్టూ ఏముందో చూడాలి.

నామవాచకం కథ వేరు. గుంపు, జత అనే అర్థంలో ఉన్న ‘సెట్’ పాత ఫ్రెంచి మీదుగా లాటిన్ ‘సెక్టా’ నుంచి వచ్చింది. ‘సెక్ట్’ అంటే శాఖ, దానికి ఇది తోబుట్టువు. క్రియకూ దీనికీ మూలం ఒకటి కాదు, వాడుకలో కలిసిపోయాయి. లెక్కల్లో దీనికి ‘సమితి’ స్థిరపడింది: శూన్య సమితి, ఉపసమితి, విశ్వసమితి. అలాగని ‘స్పానర్ సెట్’ను ‘స్పానర్ల సమితి’ అనకండి. సమితిలో వరసకు, పునరావృతానికి లెక్క లేదు, అది గణిత నియమం. పనిముట్ల పెట్టెలో ఉండేది ‘స్పానర్ల సెట్టు’. రెండే ఉంటే ‘జత’, పాత్రలైతే ఒకదాంట్లో ఒకటి ఇమిడేవి కాబట్టి ‘గిన్నెల వరస’ అని కూడా అనొచ్చు.


జవాబు: తాపీమట్టం

కాంక్రీటు గురించి నేను చెబుతాను. ఇక్కడ మాట తప్పితే మనుషుల మీద స్లాబు కూలుతుంది.

సిమెంటుకు రెండు దశలు. నీళ్ళు కలిపాక పలచని ముద్ద బిగుసుకుని ఆకారం నిలుపుకోవడం ఒకటి, అది సెట్టింగ్. ఆ తర్వాత రోజుల తరబడి రాయిలా గట్టిపడి బలం పుంజుకోవడం రెండోది, అది హార్డెనింగ్. ‘సెట్’ను ‘గట్టిపడు’ అని రాస్తే రెండూ కలిసిపోతాయి. నా ఓటు ‘బిగుసుకొను’కు. ‘గట్టిపడు’ను రెండోదానికి అట్టిపెట్టండి.

కొలతలు ఇవీ. మామూలు ఓపీసీ (ఆర్డినరీ పోర్ట్‌లాండ్) సిమెంటుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 269 ప్రకారం తొలి బిగువు 30 నిమిషాలకన్నా ముందు రాకూడదు, తుది బిగువు 600 నిమిషాలు దాటకూడదు. పరీక్ష వికాట్ పరికరంతో, 27 డిగ్రీల సెల్సియస్‌కు 2 డిగ్రీలు అటూ ఇటూ. 40 మిల్లీమీటర్ల లోతున్న అచ్చులో సిమెంటు ముద్ద నింపి, 1 చదరపు మిల్లీమీటరు సూదిని వదులుతారు. మొదట్లో అది అడుగుదాకా దిగిపోతుంది. అడుగుకు ఇంకా 5 మిల్లీమీటర్ల ఎడం ఉండగానే ఆగిపోయిన క్షణం తొలి బిగువు. తుది బిగువుకు వేరే సూది ఉంటుంది, దాని చుట్టూ చిన్న కంకణం. సూది మొన ముద్ర పడుతుంది కానీ కంకణం ముద్ర పడదు. అప్పుడు తుది బిగువు వచ్చినట్టు.

మేస్త్రీకి దీనివల్ల తెలియాల్సింది ఒకటే: కలిపిన మాలును తొలి బిగువు రాకముందే పోసి, కుదించి, మట్టం చేసెయ్యాలి. ఆలస్యమై బిగుస్తున్న మాలులో మళ్ళీ నీళ్ళు కొట్టి కలిపితే పని సులువవుతుంది కానీ బలం పోతుంది.

ఇక ప్రమాదం ఎక్కడంటే, తుది బిగువు 10 గంటల లోపే వచ్చేస్తుంది. అప్పటికి స్లాబు మీద బరువు మోసే సత్తా ఏమీ రాదు. ఐఎస్ 456 ప్రకారం స్తంభాలు, గోడల నిలువు పలకలు 16 నుంచి 24 గంటల తర్వాత విప్పొచ్చు. స్లాబు కింద పోటీలు (ఆసరాగా నిలిపే గుంజలు) మాత్రం స్లాబును మోసే ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల వరకు ఉంటే 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. ‘కాంక్రీటు గట్టిపడ్డాక సెంట్రింగ్ తియ్యండి’ అని రాసి ఊరుకుంటే మర్నాడు పైన నడిచి చూసి, గట్టిగానే ఉందే అని పోటీలు లాగేస్తారు. అందుకని మీ పుస్తకంలో ‘సెట్’ వచ్చిన ప్రతిచోటా గంటలో రోజులో రాసి ఉన్నాయేమో చూసుకోండి, లేకపోతే రాయించండి.

మరో రెండు మాటలు తగలొచ్చు, ‘ఫ్లాష్ సెట్’, ‘ఫాల్స్ సెట్’. సిమెంటులో జిప్సం చాలకపోతే నీళ్ళు పడగానే వేడెక్కి బిగుసుకుపోతుంది, మళ్ళీ కలిపినా మెత్తబడదు. అది ఫ్లాష్ సెట్. రెండోదాంట్లో కొద్ది నిమిషాల్లోనే బిగిసినట్టు కనబడుతుంది, వేడి పుట్టదు, నీళ్ళు చేర్చకుండానే మళ్ళీ కలియబెడితే మామూలుగా అయిపోతుంది. మొదటిదానికి ‘క్షణాల్లో బిగుసుకోవడం’, రెండోదానికి ‘పైపై బిగువు’ అనండి. ‘తప్పుడు సెట్’ అంటే చదివేవాళ్ళు సిమెంటు నకిలీదనుకుంటారు. ఇంకో సంగతి, ‘గడ్డకట్టిన సిమెంటు’ అంటే మనవాళ్ళకు తేమ తగిలి బస్తాలోనే పాడైపోయిన సిమెంటు. అందుకే సెట్‌కు ‘గడ్డకట్టు’ వద్దు.


జవాబు: పూతపిందె

సిమెంటుకు ‘గడ్డకట్టు’ వద్దన్నారు, సరే. తోటలో మాత్రం ‘కట్టు’ లేకుండా గడవదు.

‘ఫ్రూట్ సెట్’ అంటే పిందె కట్టడం. పూసిన పువ్వు పరాగం పట్టి, రాలకుండా నిలిచి, అండాశయం పిందెగా ఉబ్బడం. ‘ఫ్రూట్ సెట్ ఈజ్ పూర్’ను ‘పూత వచ్చినా పిందె సరిగా కట్టలేదు’ అని రాయండి. కొన్ని జిల్లాల్లో ‘పిందె పడింది’ అని కూడా ఇదే అర్థంలో అంటారు. కానీ రాతలో అది రాలి కింద పడిందని చదువుకునే వీలుంది కాబట్టి ‘కట్టింది’ క్షేమం. పిందె రాలడం వేరే సమస్య, కారణాలూ వేరు, మందూ వేరు. మామిడిలో పిందె కట్టకపోవడానికి బూడిద తెగులు, తేనెమంచు పురుగు, పూత మీద వాన, ఈగలూ తేనెటీగలూ లేకపోవడం కారణాలు. విప్పారిన పూత మీద పురుగుమందు కొడితే పరాగం మోసే ఈగలే చచ్చి పిందె ఇంకా తగ్గుతుంది. కట్టిన పిందె తర్వాత రాలడానికి బెట్ట, పోషకాల లోపం లాంటివి చూసుకోవాలి. మాట కలగలిపితే రైతు ఒకదానికి ఇంకొకదాని మందు కొడతాడు.

అదే ‘సెట్’ గింజ పంటల్లో వస్తే ‘గింజ కట్టడం’ లేదా ‘గింజ పట్టడం’. పొద్దుతిరుగుడులో ‘పూర్ సీడ్ సెట్’ అంటే తాలు గింజలు ఎక్కువగా ఉన్నాయని. పూలు విచ్చుకున్నాక ఉదయం 9 నుంచి 11 మధ్య మెత్తటి గుడ్డతో పువ్వు మీద తేలిగ్గా రుద్దమని, రోజు విడిచి రోజు చెయ్యమని చెప్పేది ఇందుకే.

చెరకు పుస్తకం ఉంటే ఇంకో ఉచ్చు ఉంది. అక్కడ మాట చివర ‘టీ’ అక్షరం రెండుసార్లు ఉంటుంది. స్కాన్ చేసిన కాగితంలో ఒకటి ఎగిరిపోయి ‘సెట్స్’ అయిపోతుంది. అది జట్టూ కాదు, సమితీ కాదు, నాటే చెరకు ముక్క, అంటే ‘ముచ్చె’. ‘త్రీ బడెడ్ సెట్స్’ అంటే ‘మూడు కళ్ళ ముచ్చెలు’. మొగ్గలు అని రాయకండి, చెరకుకు ఉండేవి కళ్ళు.

కోళ్ళ విషయం. ‘సెట్ ద ఎగ్స్’ హేచరీ పుస్తకంలో వస్తే గుడ్లను పొదిగే యంత్రంలో పెట్టడం. ఆ యంత్రం పేరే సెట్టర్. కోడిగుడ్డుకు మొత్తం 21 రోజులు. మొదటి 18 రోజులు సెట్టర్‌లో సుమారు 37.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర, గంటకోసారి తిప్పుతూ. చివరి 3 రోజులు హ్యాచర్‌లో, తిప్పకుండా. ‘సెట్’, ‘ట్రాన్స్‌ఫర్’, ‘హ్యాచ్’ అని మూడు తేదీలు రాసుకునే పట్టిక ఉంటుంది చూడండి, అక్కడ ‘పెట్టిన రోజు, మార్చిన రోజు, పిల్ల దిగిన రోజు’ అని రాస్తే చాలు.


జవాబు: కమానుకట్ట

రంపం, స్ప్రింగు నా వంతు.

‘సెట్ ఆఫ్ ద సా’ అంటే రంపం పళ్ళను ఒకటి కుడికి, పక్కది ఎడమకు కొద్దిగా వంచి ఉంచడం. పన్ను మొత్తాన్ని కాదు, పై భాగాన్నే వంచుతారు. మొదలంటా వంచితే పన్ను విరుగుతుంది. ఇలా వంచడం వల్ల చెక్కలో పడే గాడి రంపం రేకు మందంకన్నా వెడల్పుగా ఉంటుంది, అందుకే రంపం ఇరుక్కోకుండా ఆడుతుంది. వంపు తగ్గితే రంపం చెక్కలో బిగుసుకుపోయి వేడెక్కుతుంది. ఎక్కువైతే గాడి వెడల్పై చెక్క వృథా, కోత గరుకు. ఒకపక్క పళ్ళు ఎక్కువ వంగితే కోత ఆ పక్కకు లాగేస్తుంది. పాపం సిమెంటుకు ‘బిగుసుకోవడం’ అన్న మాటే ఇక్కడ బిగుసుకోకుండా చూసేది అయింది! ‘రంపం పళ్ళ వంపు సరిచూడండి’ అని రాయండి. వంపు సరిగా కనబడాలంటే రంపాన్ని తిరగేసి, పళ్ళు పైకి పెట్టి, వెలుతురుకెదురుగా కొసనుంచి చూడాలి. రెండు వరసలుగా, మధ్యలో సన్నటి కాలవలా కనబడితే వంపు సమంగా ఉన్నట్టు.

‘స్ప్రింగ్ హ్యాజ్ టేకెన్ ఎ సెట్’ అంటే స్ప్రింగు మీది బరువు తీసేసినా మొదటి ఎత్తుకు తిరిగి రాకపోవడం. ఇక్కడ ఎవరూ ఏమీ సెట్ చెయ్యలేదు. ‘స్ప్రింగు కుంగిపోయింది’ అంటే చాలు. లారీ కమాను కట్టకైనా అంతే, ‘కమాను కుంగింది’. రబ్బరు ఓ-రింగుకు ‘కంప్రెషన్ సెట్’ అని వస్తే ‘నొక్కుడుకు చదునై ఉండిపోవడం’. గుండ్రటి రింగు చదునుగా ఉంటే ఆయిల్ కారుతుంది, దాన్ని తిరిగి వాడకూడదు, మార్చాలి. ‘సెట్ స్క్రూ’ మాత్రం షాఫ్టు మీద కప్పీ జారకుండా బిగించే తల లేని స్క్రూ. దాన్ని ‘బిగింపు స్క్రూ’ అనండి. ట్యాపెట్ సెట్టింగు (ఇంజన్ వాల్వుల ఎడం సరిచెయ్యడం) అన్న మాట జోలికి పోకండి. షెడ్డులో అందరూ అనేది అదే, మారిస్తే ఎవరికీ తెలియదు.


జవాబు: వకాల్తా

ఆ రెండు కోర్టు వాక్యాలూ ఒకదానికొకటి ఎదురు. రెండింట్లోనూ ‘సెట్’ ఉందని ఒకే మాట వాడితే ఉత్తర్వు తలకిందులైపోతుంది.

‘సెట్ ఎక్స్ పార్టీ’ అంటే సమన్లు అందినా ప్రతివాది హాజరు కాలేదు కాబట్టి అతను లేకుండానే విచారణ సాగిస్తామని కోర్టు రాసుకోవడం. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9, రూల్ 6. ‘ప్రతివాది గైర్హాజరైనందున ఏకపక్ష విచారణకు నిర్ణయించడమైనది’ అని రాయవచ్చు.

‘సెట్ అసైడ్’ అంటే రద్దు. డిక్రీ రాకముందే ప్రతివాది వచ్చి తగిన కారణం చూపితే రూల్ 7. డిక్రీ వచ్చేశాక దాన్ని రద్దు చెయ్యమని అడగాలంటే రూల్ 13. దానికి గడువు లిమిటేషన్ చట్టం 123వ ఆర్టికల్ ప్రకారం 30 రోజులు. డిక్రీ తేదీ నుంచి లెక్క. సమన్లు సరిగా అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి. గడువు దాటిపోతే జాప్యం మన్నించమని వేరే దరఖాస్తు జతచెయ్యాలి.

పత్రికల్లో ‘తీర్పును పక్కన పెట్టింది’ అని కనబడుతుంటుంది. అది నాకు అస్సలు నచ్చదు. పక్కన పెట్టడమంటే తర్వాత చూద్దామని అట్టేపెట్టడం అని మామూలు మనిషికి అనిపిస్తుంది, అది వాయిదాకు దగ్గర. డిక్రీ ఇక లేదు అని చెప్పడానికి ‘రద్దు’ ఒక్కటే సరైన మాట. జీతంలో కొంత ‘సెట్ అసైడ్’ చెయ్యమంటే అప్పుడు పక్కన పెట్టండి. ‘కొట్టివేత’ను కూడా పిటిషన్ డిస్మిస్ అయినప్పటికే ఉంచండి. పిటిషన్ కొట్టేస్తారు, డిక్రీ రద్దు చేస్తారు.

మీ కట్టలో ‘సెట్-ఆఫ్’ కూడా రావచ్చు. సివిల్ దావాలో అయితే ఆర్డర్ 8, రూల్ 6: వాది అడిగిన డబ్బులోంచి, తనకు వాది బాకీ ఉన్న తేలిన మొత్తాన్ని చెల్లు వేసుకోమని ప్రతివాది కోరడం. ‘బాకీకి బాకీ చెల్లు’ అంటే పల్లెలో కూడా అర్థమవుతుంది. క్రిమినల్ కేసులో అయితే విచారణ ఖైదీగా గడిపిన రోజుల్ని శిక్షలోంచి తగ్గించడం. ఇది పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 428వ సెక్షన్, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లో 468. అక్కడ ‘శిక్షా కాలంలో మినహాయింపు’ అని రాయండి.


అచ్చుకూర్పు:

చాలా సంతోషం. ఎముక వాక్యం, యాప్ మాటలు మిగిలాయి. ఎముకకు ‘అతికించడానికి ప్రయత్నించకండి’ అని రాశాను, సరేనా? యాప్‌లో ‘సెట్’ ఒంటరిగా ఒక బటన్ మీద ఉంది, ‘సెట్’ అనే నామవాచకం వ్యాయామాల పేజీలో ఉంది. రెండింటికీ ఒకే తెలుగు వచ్చి కూర్చుంటోంది. ఒకచోట మారిస్తే రెండోదీ మారిపోతోంది.


జవాబు: తెరమాట

ముందు ఎముక. ‘అతుకు’ వద్దండి. ఎముకను అతికించేది మనిషి కాదు, ఒళ్ళే వారాల తరబడి అతుక్కునేలా చేసుకుంటుంది. ‘సెట్’ అంటే జరిగిన ఎముకను లాగి యథాస్థానంలో కూర్చడం. పుత్తూరు కట్టు కట్టేవాళ్ళు కట్టుకు ముందు చేసే పని అదే. ప్రథమ చికిత్స పుస్తకంలో వద్దనేది ఈ లాగడాన్నే, ఎందుకంటే నరాలు, రక్తనాళాలు తెగుతాయి. ‘విరిగిన ఎముకను లాగి సరిచెయ్యాలని చూడకండి. ఉన్నదాన్ని ఉన్నట్టే కదలకుండా బద్దలతో కట్టండి’ అని రాయండి.

యాప్ సంగతి. మీది బహుశా గెట్‌టెక్స్ట్ (యాప్ మాటల్ని తర్జుమాకు వేరుచేసి ఇచ్చే ఒక సాధనం) పద్ధతి ఫైలు. అందులో మూల వాక్యమే తాళంచెవి. రెండుచోట్ల ఒకే ఇంగ్లిష్ మాట ఉంటే రెండూ ఒక పద్దులో కలిసిపోతాయి. దాన్ని విడదీసేది ‘ఎంఎస్‌జీసీటీఎక్స్‌టీ’ అనే సందర్భం గుర్తు. అది మీరు చేర్చేది కాదు, ప్రోగ్రాం రాసేవాళ్ళు కోడ్‌లోనే చేర్చాలి. ఒకదానికి ‘టైమ్ పికర్ బటన్’, ఇంకొకదానికి ‘వ్యాయామం’ అని గుర్తులు పెట్టి కొత్త ఫైలు ఇమ్మని అడగండి. ఆండ్రాయిడ్ స్ట్రింగ్స్ ఫైల్లో అయితే ప్రతి మాటకు వేరే పేరుంటుంది కాబట్టి ఈ బాధ లేదు. కానీ అనువాద జ్ఞాపకం (పాత తర్జుమాలను దాచి మళ్ళీ చూపే సాధనం) ఆన్‌లో ఉంటే 100 శాతం జోడీ అని పాత మాటను అక్కడా తోసేస్తుంది. మూడు నాలుగు అక్షరాల ఒంటరి మాటలకు ఆ ఆటోమేటిక్ నింపుడు ఆపెయ్యండి.

ఇక మాటలు. గడియారం ముల్లు తిప్పాక వచ్చే ‘సెట్’ బటన్‌కు ‘సరే’ చాలు. ‘అలారం సెట్ ఫర్ 6 అవర్స్ ఫ్రమ్ నౌ’ అని వస్తే ‘పెట్టబడింది’ అనకుండా, మనిషికి కావలసింది చెప్పండి: ‘అలారం ఇప్పటినుంచి 6 గంటల తర్వాత మోగుతుంది’. ‘నాట్ సెట్’కు ఒకే తెలుగు లేదు. ఫోన్ నంబరు దగ్గర ‘ఇవ్వలేదు’, పాస్‌వర్డ్ దగ్గర ‘పెట్టుకోలేదు’, భాష దగ్గర ‘ఎంచుకోలేదు’. కోడ్‌లో మూడూ ఒకటే పద్దయితే ‘ఖాళీ’ అని సర్దుకోవచ్చు, మూడుచోట్లా తప్పు కాదు.

‘సెట్ ఫలానా యాప్ యాజ్ డిఫాల్ట్’ లాంటిదాంట్లో పేరు వచ్చే ఖాళీకి నేరుగా విభక్తి తగిలించకండి. పేరును బట్టి ‘ని’ రావాలో ‘ను’ రావాలో యంత్రానికి తెలియదు. ఖాళీ తర్వాత ఒక మామూలు నామవాచకం వేసి దానికి తగిలించండి: ‘ఎప్పుడూ ఫలానా యాప్‌నే వాడాలా?’

‘సెట్’ అలాగే ఉంచాల్సినవి: టెన్నిస్ సెట్, సినిమా సెట్, వ్యాయామంలో ‘3 సెట్లు, ఒక్కోదాంట్లో 12 సార్లు’, ప్రశ్నపత్రం సెట్ కోడ్, పంపుసెట్టు. సినిమా సెట్ విషయంలో క్రియ జాగ్రత్త, మనవాళ్ళు సెట్ ‘వేస్తారు’, పెట్టరు. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్), ఐసెట్‌లలోని సెట్ అసలు ఈ మాటే కాదు, కామన్ ఎంట్రన్స్ టెస్ట్ అనే మూడు మాటల పొట్టిరూపం.

తెలుగు నుంచి ఇంగ్లిష్‌కు వెళ్ళేటప్పుడూ చూసుకోండి. ‘ఈ రంగు నీకు సెట్ కాలేదు’, ‘వాళ్ళిద్దరికీ సెట్ అవదు’ అనేవి మనం ఈ మాటకు చేర్చుకున్న అర్థాలు. నప్పడం, పొసగడం అన్న అర్థాలు ఇంగ్లిష్ ‘సెట్’కు లేవు. ఇంగ్లిష్‌లో మొదటిదానికి ‘సూట్’, రెండోదానికి ‘గెట్ అలాంగ్’ కావాలి.


అచ్చుకూర్పు:

గెట్‌టెక్స్టే, సరిగ్గా చెప్పారు. గుర్తులు చేర్చమని రాశాను. మిగిలినవి ఇలా మార్చాను, ఒకసారి చూడండి:

‘కాంక్రీటు బిగుసుకోనివ్వండి. 24 గంటలదాకా దాని మీద నడవకండి, పోటీలు తియ్యకండి.’
‘పూత బాగున్నా పిందె సరిగా కట్టలేదు.’
‘పెట్టకింద గుడ్లు పొదగండి.’
‘రంపం పళ్ళ వంపు సరిచూడండి.’
‘ఏకపక్ష డిక్రీని రద్దు చేయడమైనది.’


జవాబు: తాపీమట్టం

మొదటి వాక్యంలో నడకనూ పోటీలనూ ఒకే గడువులో కట్టేశారు, విడదీయండి. ‘24 గంటలదాకా నడవకండి’ దగ్గర ఆపి, ‘స్లాబు కింద పోటీలు కనీసం 7 రోజులు, ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్లు దాటితే 14 రోజులు ఉంచండి’ అని వేరే వాక్యం రాయండి. నీళ్ళు కట్టడం కూడా కనీసం 7 రోజులు అని అక్కడే చేర్చండి.


జవాబు: పూతపిందె

మూడోది మార్చాలండి. గుడ్లు పొదిగేది పెట్ట, మనం కాదు. ‘గుడ్లు పొదగండి’ అంటే చదివేవాణ్ణి గుడ్ల మీద కూర్చోమన్నట్టు ఉంటుంది. పదమూలం గారు చెప్పిన ఉండు-ఉంచు తేడాయే ఇది. మనిషి చేసేది పొదగేయడం. ‘పొదుగుకొచ్చిన పెట్ట కింద 10, 12 గుడ్లు పెట్టి పొదగేయండి’ అని రాయండి. గుడ్ల సంఖ్య పెట్ట రెక్కల కింద పట్టేన్నే ఉండాలి, బయటికి కనబడే గుడ్డు చల్లారి పాడవుతుంది.

రాళ్ళ విషయంలో మాత్రం ‘పొదగండి’ సరైనదే, అక్కడ పొదిగేది కంసాలి. సెట్ వచ్చిన ఈ రెండు చోట్లా మనకు పొదుగే ఉండడం బాగుంది కానీ, ఎవరు పొదుగుతున్నారో చూసుకుని రాయాలి.